లోలా ఉర్సింగ్‌కు వచ్చిన మార్కులు

కరోనా రోజుల్లో మా బడి మొత్తంలో ముత్యాల్లాంటి చేతిరాత ఎవరిదని అడిగితే అందరూ ఒకటే పేరు చెప్పేవాళ్ళు: మూడో తరగతి ఐజా. నా తరగతి పిల్లే. ఆ రెండేళ్ళలో తొంభై ఎనిమిదికి తక్కువ మార్కులు ఎరగదు. నిజానికి ఆ రాత ఐజాది కాదు. వాళ్ళ అమ్మమ్మ లోలా ఉర్సింగ్‌ది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే మార్కులు వేశాను. ఇది దాచిపెట్టి ఆమె గురించి ఎంత చెప్పినా అబద్ధమే అవుతుంది కాబట్టి ముందే కక్కేస్తున్నాను.

లోలా అంటే మా భాషలో అమ్మమ్మ; ఆమె అసలు పేరు ఉర్సులా. అరవై ఏడేళ్ళ మనిషి. ఆంటికే అనే మా ప్రాంతపు కొండల్లో, వాగు అవతల ఏడెనిమిది గడపలున్న చిన్న వాడలో ఉండేది. బారివ్ మొక్క ఆకులు కోసి, ముళ్ళు తీసి, ఎండబెట్టి, చెక్క దిమ్మతో సాపు చేసి చాపలు అల్లేది. మా వైపు పెళ్ళికి వధూవరుల పేర్లు అల్లిన చాప కానుకగా ఇస్తారు. పేర్లు అల్లడంలో లోలా ఉర్సింగ్‌ను మించినవాళ్ళు లేరు. ఎవరో ఒక చీటీ మీద పేరు రాసి ఇస్తారు. దాన్ని మోకాలి పక్కన పెట్టుకుని, ఆకు పోగులు లెక్కపెట్టుకుంటూ, గీత గీతా చూసి అల్లేది. చదువు ఒక్క ముక్క రాదు. నలభై ఏళ్ళుగా వందల జంటల పేర్లు అల్లింది, అందులో ఒక్కటి కూడా చదివింది లేదు.

ఒకసారి పెళ్ళికొడుకు చీటీ తలకిందులుగా పెట్టుకుందట. చాప మీద పెళ్ళికూతురి పేరు తిన్నగా, పెళ్ళికొడుకు పేరు కాళ్ళు పైకి పెట్టి వచ్చాయి. లోలా తల బాదుకుంటుంటే పెళ్ళికూతురి తల్లి, "పోనీలే ఉర్సింగ్, పెళ్ళయ్యాక వాడి బతుకెలాగూ తలకిందులే కదా!" అని ఆ చాపనే పట్టుకుపోయిందట. ఈ కథ ఆమే అందరికీ చెప్పుకుని నవ్వేది.

ఐజా తల్లిదండ్రులు చెరకు నరకడానికి నెగ్రోస్ దీవికి వెళ్ళి, పడవలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుబడ్డారు. పిల్ల లోలా దగ్గర ఉండిపోయింది. బడి మూసేశారు. పిల్లలు గేటు దాటి లోపలికి రాకూడదు. మా కొండల్లో టీవీ పాఠాలూ లేవు, సిగ్నలూ లేదు. కాబట్టి ఇంటి దగ్గరే చదివి రాసే అచ్చు పాఠాలు, మాడ్యూళ్ళు అంటారు, వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి సోమవారం సోమవారం ఇచ్చేవాళ్ళం. పెద్దవాళ్ళు వచ్చి కొత్తవి తీసుకుని, పాతవి పెట్టెలో వేసి పోవాలి. లోలా ఆ కవరును రెండు సంచుల్లో చుట్టి, నెత్తిన పెట్టుకుని, వాగులో నడుము లోతు నీళ్ళు దాటి వచ్చేది. ఒక్క సోమవారం తప్పలేదు. పది అడుగుల దూరంలో ఉన్నవాళ్ళు కూడా తడిపి తెచ్చిన రోజుల్లో ఆమె కవరు మీద ఒక్క చుక్క నీరుండేది కాదు.

మాడ్యూల్ చివరి పేజీలో జవాబులుండేవి. పిల్లలు ముందు తాము రాసి, తర్వాత సరిచూసుకోవాలని దాన్ని తయారుచేసిన పెద్దల ఉద్దేశం. పెద్దలు కదా, పిల్లల్ని చూసి చాలాకాలం అయివుంటుంది.

ఒక రోజు దిద్దుతూ దిద్దుతూ ఐజా పేపరు దగ్గర ఆగిపోయాను. 'మీ ఇంట్లో మీకు బాగా ఇష్టమైనవారు ఎవరు? ఎందుకు?' అన్న ప్రశ్న కింద చాప అంచులా తీర్చిదిద్దిన అక్షరాలతో ఇలా ఉంది: 'జవాబులు పిల్లల్ని బట్టి మారవచ్చు.'

ఐదో తరగతి చెప్పే సర్ డోరో చూసి పడీ పడీ నవ్వాడు. "మేడం డెల్ఫీ, ఈ పిల్లకు భవిష్యత్తుంది. పెద్దయ్యాక మంత్రి అవుతుంది. ఏది అడిగినా ఇదే జవాబు చెప్పొచ్చు."

"నవ్వకండి సర్. నా తరగతిలో పదకొండు మంది ఇదే రాశారు."

"మరి మార్కులు?"

"వేశాను. అందరికీ వేశాను."

వేయక ఏం చేస్తాను? నాకప్పుడు ఆ మార్కులతో పని ఉంది. పదోన్నతి కోసం పరిశోధన ఒకటి చేస్తున్నాను: ఇంటి దగ్గర మాడ్యూళ్ళతో నేర్చుకున్న మూడో తరగతి పిల్లల చదివే సామర్థ్యం పెరిగిందా లేదా అని. మాడ్యూళ్ళు మొదలు కాకముందు నేనే గడప గడపకూ తిరిగి, ముప్పై ఒక్క మంది పిల్లలచేత చదివించి, మొదటి పరీక్ష పెట్టాను. ఇరవైకి సగటున ఆరు వచ్చాయి. ఐజాకు రెండు. ఏడాది చివర రెండో పరీక్ష పెట్టే వేళకు ఊళ్ళో జ్వరాలు ఎక్కువై తిరగనివ్వలేదు. కాగితాలు కవర్లో పెట్టి పంపాను. జవాబుల పేజీ కూడా ఎప్పట్లాగే వెంట పోయింది. సగటు పద్దెనిమిది వచ్చింది. ఐజాకు పందొమ్మిది. ఆ ఒక్క మార్కు పోయింది కూడా జవాబుల పేజీలో అచ్చు తప్పు వల్ల.

పరిశోధనకు ఇంటి దగ్గర పెద్దల మాటలు కూడా రాసుకోవాలి. పంచాయతీ నుంచి అనుమతి చీటీ తెచ్చుకుని, మొహానికి ప్లాస్టిక్ అద్దం కట్టుకుని, ఒక ఉదయం వాగు దాటాను. లోలా వెదురు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన సగం అల్లిన చాప. ఒళ్ళో ఐజా మాడ్యూలు. జవాబుల పేజీ గాలికి ఎగరకుండా చాపల దిమ్మ బరువు పెట్టింది. పెన్సిల్‌ను సూదిలా పట్టుకుని గీత గీతా దించుతోంది.

"ఐజా ఏది లోలా?"

"మేకను కట్టడానికి వాగు దగ్గరికి పోయింది, వచ్చేస్తుంది. కూర్చోండి మేడం. ఈ వరస అయిపోవచ్చింది, మధ్యలో వదిలితే మళ్ళీ లెక్క తప్పుతా."

"ఇవన్నీ మీరే రాస్తున్నారా?"

"మరి? మీరే కదా మైకులో చెప్పారు, ఇంట్లో పెద్దవాళ్ళు సాయం చెయ్యాలని! అదేమో ఒక లైనుకు గంట చేస్తోంది, దాన్నిండా తప్పులే. నేనైతే ఒక్క పోగు పక్కకు పోనివ్వను." గర్వంగా కాగితం నా వైపు తిప్పింది. "చూడండి, బావుందా?"

బావుంది. అచ్చు కన్నా బావుంది.

"దీనిలో ఏముందో మీకు తెలుసా లోలా?"

"భలేవారే. చాప మీద పేరెవరిదో నాకు తెలుస్తుందా? అయినా వాళ్ళు దాని మీద పడుకోవట్లేదా?"

అంతలో ఐజా వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మోకాళ్ళ దాకా బురద. సంచిలోంచి చిన్న కథల పుస్తకం తీసి చదవమన్నాను. పేజీ మీద వాన, మేక, గుడిసె బొమ్మలున్నాయి. బొమ్మల్ని చూసి ఎంతో చక్కగా కథ చెప్పింది. మేకకు పేరు కూడా పెట్టింది. ఆ పేజీలో ఉన్న మాట మాత్రం ఒక్కటీ చెప్పలేదు. వేలుపెట్టి ఒక అక్షరం చూపిస్తే లోలా మొహం చూసింది.

లోలా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. తెలివిగల మనిషి. అడగనక్కర్లేకుండా అర్థమైంది.

"నేను తప్పు చేశానా మేడం?"

ఆ అరుగు మీద ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పివుంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అవును లోలా, ఇకనుంచి అదే రాయనివ్వండి, సున్నా వచ్చినా సరే అనాలి. కానీ అలా అంటే ఐజా పందొమ్మిది రెండవుతుంది. మిగతా ముప్పై మంది సంగతి కూడా తవ్వాల్సి వస్తుంది. నా సగటు, నా పరిశోధన, పదిహేడేళ్ళుగా ఎదురుచూస్తున్న పదోన్నతి అన్నీ ఆ వాగులో కలుస్తాయి.

"లేదు లోలా," అన్నాను. "చాలా బాగా చేస్తున్నారు."

ఆ మాటకు ఆమె మొహం విప్పారింది. లోపలికి పోయి ఉడికించిన అరటికాయలు తెచ్చిపెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను.

తినడం అయ్యాక గొంతు తగ్గించి అడిగింది. "మేడం, ఎలాగూ వచ్చారు. ఇదేం అక్షరమో చెబుతారా? దీన్ని రోజుకు వందసార్లు గీస్తున్నా. పేరు తెలియకుండా గీయడం బాగోలేదు."

చెప్పాను. అప్పట్నించి ప్రతి సోమవారం కవరు తీసుకునే వరసలో ఒక కొత్త అక్షరం అడిగేది. వెనకవాళ్ళు, "కదలవే ముసలీ, నువ్వేం డాక్టర్ చదువుతున్నావా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. "మీకంటే ముందు అవుతాలే, మీ అందరికీ సూదులు పొడుస్తా," అనేది. నేను మా పాత పద్ధతిలోనే గుణింతం చెప్పాను: బ, బె, బి, బొ, బు. ఆమె చాప అల్లుతూ ఒక్కో పోగుకు ఒక్కో అక్షరం అనుకునేదట. పిల్లలు గేటులోకి రాకూడదు, ముసలివాళ్ళు రావచ్చు. ఆ రెండేళ్ళలో మనిషిని ఎదురుగా నిలబెట్టి నేను చెప్పిన పాఠం ఇదొక్కటే.

"మీరు నేర్చుకున్నది ఐజాకు చెబుతున్నారా?" అని ఒకసారి అడిగాను.

"చెబుదామంటే వింటుందా! 'నాకన్నీ వచ్చులే లోలా, తొంభై తొమ్మిది వచ్చాయిగా' అంటుంది. మీరు వేసిన మార్కులు గోడకు అంటించుకుంది. ఇక నేనేం మాట్లాడను?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకుంటే మాత్రం ఏం, మరుసటి వారం కూడా తొంభై తొమ్మిదే వేశాను.

నా పరిశోధనకు బహుమతి వచ్చింది. పదోన్నతీ వచ్చింది. నాలుగో తరగతికి కూడా అవే పిల్లల్ని నాకే ఇచ్చారు, పద్ధతి బాగుందని. ఐజాకు ప్రతిభా పత్రం మీద నేనే సంతకం పెట్టాను. దాన్ని అందుకోవడానికి లోలా చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని వచ్చింది.

తర్వాతి ఏడు బడి తెరిచారు. ఐజా ఐదో తరగతిలో సర్ డోరో ముందు కూర్చుంది. మొదటి రోజే ఆయన, పాపం మంచి మనసుతోనే, "మన తరగతిలో ప్రతిభా పత్రం తెచ్చుకున్న పిల్ల ఎవరు? లేచి మొదటి పేరా చదువమ్మా," అన్నాడు.

ఐజా లేచింది. పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ పేజీలో బొమ్మ లేదు.

ఎంతసేపు నిలబడిందో నాకు ఆయనే చెప్పాడు. వెనక బెంచీలోంచి ఎవడో, "జవాబుల పేజీ ఇవ్వండి సర్, అప్పుడు చదువుతుంది!" అన్నాడు. తరగతి గొల్లుమంది. నవ్విన వాళ్ళలో సగం మందికి కూడా చదవడం రాదు, కానీ నిలబడింది ఐజా ఒక్కతే. మర్నాటి నుంచి పిల్లలు దాన్ని 'జవాబుల పేజీ' అనే పిలిచారు. నాలుగో రోజు నుంచి అది బడికి రావడం మానేసింది.

ఆ శుక్రవారం లోలా ఉర్సింగ్ బడికి వచ్చింది. నెత్తి మీద బియ్యం సంచి. నా బల్ల మీద దాన్ని బోర్లించింది. రెండేళ్ళ మాడ్యూళ్ళు, దిద్దిన కాగితాలు, గోడ మీంచి పీకిన మార్కులు, ప్రతిభా పత్రం.

"ఇవి నావి మేడం," అంది. "ఐజావి కావు. దాని పేరు మీంచి తీసెయ్యండి. దానికి సున్నా వేసి మళ్ళీ మూడో తరగతిలో కూర్చోబెట్టండి. చిన్నపిల్లల మధ్య అయితే నవ్వరు, కూర్చుంటానంది."

"అలా కిందికి దించే పద్ధతి లేదు లోలా. రికార్డులు పైకి వెళ్ళిపోయాయి."

"చాపలో పోగు తప్పితే, ఎక్కడ తప్పిందో అక్కడిదాకా విప్పుతాం మేడం. పైపైన సర్దితే నాలుగు రోజుల్లో చిరుగుతుంది."

"మనుషులు చాపలు కారు కదా లోలా."

"అందుకే చెబుతున్నా. చాప చిరిగితే ఇంకోటి అల్లుతా." నా కళ్ళలోకి చూసింది. "ఆ రోజు నేను అడిగా. తప్పు చేశానా అని అడిగా. మీరు లేదన్నారు."

పద్ధతి లేదన్నది సగం నిజమే. కనీసం రోజూ ఒక గంట దాన్ని నా గదిలో కూర్చోబెట్టి చదివించవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ పిల్లను ఎందుకు మొదటినుంచి చదివిస్తున్నావని హెడ్మాస్టారు అడిగితే? ఒక్క పోగు లాగితే నా చాప మొత్తం ఊడుతుంది.

"వచ్చే సోమవారం రండి లోలా. ఏదో ఒకటి చేద్దాం," అన్నాను.

సోమవారం ఆమె వచ్చిందట, ఐజాను వెంటబెట్టుకుని. నేను లేను. పట్నంలో టీచర్ల సభలో నా పరిశోధన గురించి మాట్లాడుతున్నాను. మాడ్యూళ్ళతో చదివే సామర్థ్యం ఆరు నుంచి పద్దెనిమిదికి ఎలా పెరిగిందో తెర మీద చూపిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అదే వేళకు లోలా, ఐజా నా గది బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోయారని కాపలా ఆయన తర్వాత చెప్పాడు.

ఆ మాట విన్నాక నాలో ఏదో తెగింది. హెడ్మాస్టారు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన, "మేడం, మీ ఒక్కరిదే అయితే ఏదో అనుకోవచ్చు. అందరి కాగితాలూ ఇంతే కదా," అన్నాడు. పరిశోధన వెనక్కి తీసుకుంటానని నేను రాసిచ్చిన కాగితాన్ని సొరుగులో పెట్టాడు. అది ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉంది. ఐజాను చదివించుకోండి, నేను చూడనట్టు ఉంటాను అని మాత్రం అన్నాడు. నాకది చాలు. ఆ మరుసటి వారం గురువారం మేక బొమ్మ ఉన్న ఆ కథల పుస్తకమే సంచిలో పెట్టుకుని వాగు దాటాను.

లోలా అరుగు మీద ఒక్కతే ఉంది. చాప ముందు లేదు. చేతులు ఊరికే ఒళ్ళో ఉన్నాయి.

"ఐజా ఏది లోలా?"

"మొన్న ఆదివారం దాని నాన్న వచ్చాడు. బడికి పోని పిల్ల ఇక్కడెందుకు, తోటలో కలుపు తీస్తుందిలే అని నెగ్రోస్ తీసుకుపోయాడు. ఆపడానికి నా దగ్గర మాట లేకపోయింది మేడం. సోమవారం దాకా ఆగమన్నా. పోయిన సోమవారం కూడా పోయాం కదా, ఎవరున్నారు అని పిల్లే అంది."

ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఊరుకోమననూ లేదు. ఆ రెండోది నాకు న్యాయమే అనిపించింది.

కాసేపటికి, "ఆ సంచిలో ఏం తెచ్చారు?" అంది. పుస్తకం ఇచ్చాను. చేతులు పావడాకు తుడుచుకుని తెరిచింది. వేలు పెట్టి, పోగులు లెక్కపెట్టినట్టు నెమ్మదిగా మొదలుపెట్టింది. "వా... న... వాన. వాన వ... చ్చిం... ది. మేక... ఇంటికి... రాలేదు."

పేజీ మొత్తం చదివింది. ఒక్క తప్పు పోలేదు. ఆ మాడ్యూళ్ళతో నిజంగా చదవడం నేర్చుకున్న మనిషి ఒక్కరుంటే, ఆ మనిషి పేరు నా ముప్పై ఒక్క మంది పట్టీలోనే లేదు.

"లోలా, మీకు చదవడం వచ్చేసింది!" అన్నాను ఉండబట్టలేక. "ఐజాకు ఉత్తరం రాయండి. మీ అల్లుడిని పనికి తీసుకెళ్ళే మేస్త్రీ ద్వారా పంపుదాం."

"ఎవరు చదువుతారు మేడం? దాని అమ్మా నాన్నా ఇద్దరూ వేలిముద్రే." పుస్తకం మీద మేక బొమ్మను బొటనవేలితో నిమిరింది. "అది రాసి పంపితే నేను చదువుకోగలను ఇప్పుడు. ఎంత పొడుగుదైనా చదువుతా. కానీ దానికి రాయడం రాదుగా. నేను రాయనివ్వలేదు."

తర్వాతి పేజీ తిప్పి మళ్ళీ వేలు పెట్టింది. ఒక అక్షరం దగ్గర ఆగి, ఇదేమిటని నన్ను అడిగింది. చెప్పాను.